తెరకు అవతలి మంచం

పైమిన్ కోటగోడకు సున్నం కొడుతున్నాడు. మొన్న కొట్టిన గోడకే. ఆచే తీరంలో డచ్చి దొరల కోటకు కాపలా అంటే ఇంతే: పాచి గీకడం, సున్నం కొట్టడం, కందకం కంపు పీల్చడం. కాళ్ళు వాచిపోయాయి. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడడం లేదు. ఇదే జబ్బుతో పోయినవాళ్ళను అతను చాలామందిని మోశాడు. ఇప్పుడు తన వంతని తెలుసు.

"అన్నా, వదిన వండితే వాసన నా మంచందాకా కొడుతోందే!" వెనకనుంచి పళ్ళికిలించాడు క్రోమో.

సిపాయిల కాపురాలన్నీ ఒకే సావిడిలో. మంచానికీ మంచానికీ మధ్య ఒక గుడ్డతెర. సిపాయి చస్తే అతని ఆడమనిషి తెరకు అవతలివాడికి దక్కుతుంది. గొడ్డును మార్చి కట్టేసినట్టు! అదేం రివాజో, థూ! అవతలి మంచం క్రోమోది. వాడు తన పాత మనిషిని పళ్ళు రాలేలా కొడుతుంటే సావిడంతా పడుకుని విన్నది. పైమిన్ కూడా విన్నాడు.

మధ్యాహ్నం పైమిన్ ఆడమనిషి సరినెం అన్నం పెట్టింది.

"రేవులో మీ అక్క దగ్గరికి పొమ్మన్నానా లేదా?" గొంతు తగ్గించి అడిగాడు.

"పోతే నీకు గంజి ఎవరు పోస్తారు? నోరు మూసుకుని తిను."

పైమిన్ పళ్ళెం విసిరికొట్టాడు. "ఇదీ ఒక కూడేనా? కుక్కలు కూడా ముట్టవు! నువ్వు నాకొద్దు, పో!"

సావిడంతా తెరలు తొలగించి చూసింది. నలుగురి ముందు ఆ మాట అంటే హవల్దారు ఆమెను అప్పటికప్పుడు బయటికి పంపాలి. అలా పోయినదాన్ని మళ్ళీ కోటలోకి రానివ్వరు. అదీ రివాజే.

"నీ పుండ్లు కడిగిన చేతులివి. నీకు సిగ్గులేదూ?" అంది సరినెం. హవల్దారు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. గుమ్మంలో ఉమ్మేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

"అయ్యో, ఇదేం పని అన్నా! నాకొక్క మాట చెప్పొద్దూ?" అన్నాడు క్రోమో.

"చెప్తానురా, ఆగు," అన్నాడు పైమిన్.

అందరూ ఎవరి తెర వెనక్కి వాళ్ళు పోయాక పైమిన్ మంచం దిగాడు. చెల్లాచెదరైన మెతుకులు పళ్ళెంలోకి ఏరుకున్నాడు. మట్టితోపాటే తిన్నాడు. కూర ఎంతో బాగుంది. ఏడుపొచ్చింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం బూర ఊదినా లేవలేదు. క్రోమో తెర లాగి, కాలితో పొడిచి చూసి, హవల్దారును కేకేశాడు. మంచం కింద సత్తుపళ్ళెం ఉంది, ఒక్క మెతుకు కూడా లేకుండా, వేళ్ళతో తుడుచుకు తిన్న చారలతో.