చింతమొద్దుకు నిండు టికెట్టు

గుడియాత్తం పక్క పల్లెలో ఎల్లప్ప ఇంట్లో నీళ్లు కాగాలంటే ఇప్పటికీ కట్టెలే కావాలి. గ్యాసు ఉంది. కానీ గ్యాసు మీద కాగిన నీళ్లకు ఒంటినొప్పులు పోవని ఆయన నమ్మకం. ఆ కట్టెలు కూడా తన గొడ్డలితోనే చీలాలి. వేలూరులో ఎముకల డాక్టరు భుజం తిప్పి చూసి, ఇంక గొడ్డలి ఎత్తితే ఆ చెయ్యి అన్నం ముద్ద కూడా ఎత్తదని చెప్పాడు. మరునాటి పొద్దున్నే కొట్టం వెనక మళ్లీ గొడ్డలి చప్పుడు.

అందుకని కొడుకు రూపేష్ పూనుకున్నాడు. ఆ వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు, ఏదైనా నోటుబుక్కులో రాసుకుని గానీ చెయ్యడు. ఆయిలు ఒత్తిడితో మొద్దును నెట్టి చీల్చే హైడ్రాలిక్ మిషన్ల గురించి వారం రోజులు చదివి, ఐదు టన్నులది చాలదు, ఏడు టన్నులది సరిపోతుందని తేల్చి, కింద గీత గీసి తండ్రి ముందు పెట్టాడు.

ఎల్లప్ప బుక్కు వైపు చూడనైనా లేదు. "గ్రైండరు కొనేటప్పుడు మీయమ్మ ఏం జేసిందిరా?" అన్నాడు.

అలివేలమ్మ నానబెట్టిన బియ్యం క్యారియర్లో పోసుకుపోయి, అంగట్లోనే ఆడించి, పిండి వేళ్లతో నలిపి చూశాకే గ్రైండరు కొంది. ఆ ఇంటి పద్ధతి అది.

"దీనికీ మన సరుకే పెట్టి చూస్తాం," అన్నాడు ఎల్లప్ప. " చీలిస్తే నేను గొడ్డలి ముట్టను. చీల్చకపోతే మీరు నా జోలికి రాకూడదు."

మన సరుకంటే ఏదో రూపేష్‌కు తెలుసు. కొట్టం వెనక నిండా ముడులున్న చింతమొద్దు ఒకటుంది. పన్నెండేళ్లుగా ఎల్లప్ప కొడుతూనే ఉన్నాడు. రెండు గొడ్డళ్లకు కర్ర కామలు విరిగాయి గానీ అది చీలలేదు. ఎవరికీ లొంగని రకమని అలివేలమ్మ దాన్ని చనిపోయిన తన మామగారి లెక్కన 'మామ' అంటుంది.

మామ గోనెసంచిలో వేలూరు బస్సెక్కాడు. కండక్టరు వెనక పడెయ్యమన్నాడు. పెద్దాయన్ను వెనక పడేస్తారా అని ఎల్లప్ప నిండు టికెట్టు కొని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు.

మిషన్లమ్మే అంగడి ఓనరు ఆనంద్‌రాజ్ మొదట ఒక సరుగుడు దుంగ పెట్టి చీల్చి చూపాడు. అరటిబోదెలా రెండయింది. అట్లాంటి దాన్ని తమ ఇంట్లో కట్టె అనరని చెప్పి ఎల్లప్ప సంచి విప్పాడు. ఇది కట్టెనా, బండరాయా అని ఆనంద్‌రాజ్ తమిళంలో గొణుక్కుంటూ మీట నొక్కాడు.

మిషను మూలిగింది. ఇనుప ఉలి మొద్దులోకి రెండు వేళ్ల లోతు దిగి ఆగిపోయింది. తిప్పిపెట్టి నొక్కాడు. మళ్లీ ఆగింది. మూడోసారి పెద్దగా మూలిగి ఆగింది. రూపేష్ నోటుబుక్కులో ముడుల గురించి ఒక్క ముక్క లేదు. అయిపోయింది, నాయన చెయ్యి పోయినట్టే అనుకుంటూ తలెత్తాడు.

ఎల్లప్ప ముఖం కొడుకు ఫస్టుక్లాసులో పాసైన రోజులాగా వెలుగుతోంది.

"ఏడు టన్నులు కదరా ఇది?"

"ఏడే, నాయనా."

"ఏడు టన్నుల చేతా కాలేదు. నేనొక్కణ్ణే పన్నెండేండ్లు కొట్టినా. మీయమ్మకు ఫోన్ జెయ్యి."

అలివేలమ్మ అంతా విని, అయితే మిషను కొనేది లేదా అని అడిగింది.

"ఎందుకు కొనేది ల్యా? మంచి మిషనే. నాకంటే మొనగాడేం గాదు, చెప్పినట్టు ఇంటాది. చిల్లర కట్టెలన్నీ అది చూసుకుంటాది."

మరి గొడ్డలో అన్నాడు రూపేష్.

"దాంతో ఇంక పనేముండాది? నా సరిజోడు కట్టె ఇదొకటే. దీన్ని ఇంకెవురూ ముట్టకూడదు."

మిషను ఇంటికొచ్చిన రోజు అలివేలమ్మ నిమ్మకాయ, పసుపు, కుంకుమ తెచ్చింది. ఎల్లప్ప పళ్లెం లాక్కుని మొదటి బొట్టు మామకు పెట్టాడు, సరిగ్గా ఉలి దిగిన గాటు మీద. ఆ తర్వాతే మిషనుకు.

ఇప్పుడు రోజూ పొద్దున రూపేష్ మీట నొక్కుతుంటే, ఆయన మామ పక్కన స్టూలేసుకుని కూర్చుంటాడు. మిషను ఏ కట్టె దగ్గరైనా కాస్త మూలిగితే ముందుకు వంగి, "నిదానంగా చెయ్యప్పా," అంటాడు, "మేం గూడా పన్నెండేండ్లు మూలిగినోళ్లమే."