మూకుడు జరిపిన చోటు

జయకృష్ణ గురజాలలో పదిహేడేళ్లు పెళ్లి ఫోటోలు తీశాడు. కూతురు లహరి డెంగీ జ్వరంతో నరసరావుపేట ఆసుపత్రిలో పోయాక ఆ పని అతని చేత కాలేదు. పట్టులంగా కట్టుకున్న చిన్నపిల్లలు లెన్సు ముందుకొచ్చి నవ్వితే వేలు బటన్ మీదే ఆగిపోయేది. రెండు పెళ్లిళ్లలో అట్లా జరిగాక పిలిచేవాళ్లు తగ్గారు. స్టూడియో చాలా రోజులు మూసే ఉండేది.

లహరికి పదకొండేళ్లు. బతికున్నన్నాళ్లూ బడికెళ్లే ముందు పెరట్లో గోరింట పొద కింద మట్టి మూకుడులో నూకలు పోసేది. పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి ఆ పని తల్లి వాసంతి అందుకుంది. నూకలు పోసి వంటింటి గడప మీద కూర్చునేది. పిచ్చుకలు, గువ్వలు దిగేవి. ఏ అలికిడైనా రివ్వున పొదలోకి దూరేవి. అవి తిన్నంతసేపూ ఆమె ముఖం కాస్త తేటగా ఉండేది. మిగతా రోజంతా గోడకానుకుని ఎటో చూస్తూ ఉండిపోయేది.

చలికాలంలో ఒక పొద్దున డేగ వచ్చింది. పావురమంత పిట్ట. బూడిదరంగు వీపు, ఎర్రటి కళ్లు. మునగచెట్టు మీంచి జారి, గోడవార ఉన్న పిచ్చుకను తన్నుకుపోయింది. జయకృష్ణ అప్పుడు కిటికీ దగ్గర కెమెరా తుడుస్తున్నాడు. తెలియకుండానే నాలుగు ఫోటోలు తీశాడు. ఒక్కటీ సరిగా రాలేదు. కానీ గుండె దడదడా కొట్టుకుంది. కూతురు పోయిన ఏడాదిన్నరలో అతనిలో ఏదైనా కదలడం అదే మొదలు.

ఆ మర్నాటి నుంచి కిటికీ వదల్లేదు. డేగ రోజు విడిచి రోజు, ఎనిమిది దాటాక వచ్చేది. ఎప్పుడూ పొదే అడ్డం. కొమ్మల సందున ఓ రెక్క, మసకగా ఓ తోక. పిట్టలు పొదలోకి దూరి తప్పించుకుంటే అతనికి ఉసూరుమనిపించేది. అట్లా అనిపించినందుకు సిగ్గూ వేసేది. అయినా మర్నాడు మళ్లీ కెమెరా పట్టుకుని కూర్చునేవాడు.

నెల తర్వాత, గోరింట నిండా దోమలు చేరుతున్నాయని, కొట్టేస్తే మంచిదని వాసంతితో చెప్పాడు. దోమ మాటెత్తితే ఆమె ఎదురు చెప్పదని అతనికి తెలుసు. అతను వేళ్లతో సహా పెకలిస్తుంటే, ఆమే ముళ్లకొమ్మలు ఈడ్చి గోడవతల వేసింది. మోచేతుల దాకా గీరుకుపోయింది. మూకుడును అతను నాలుగు గజాలు జరిపి, ఎండ నేరుగా పడే బోసి నేల మీద పెట్టాడు.

మూడో రోజు డేగ దిగింది. గువ్వకు దూరేందుకు చోటు లేదు. చెదిరిన నూకలు ఇంకా గాల్లో ఉండగానే గోళ్లు గువ్వ వీపులో దిగాయి. వాసంతి గడప మీంచి లేచి పరిగెత్తేసరికి ఈకలే మిగిలాయి. ఆ తర్వాత ఇరవై రోజుల్లో ఆరు పిట్టలు పోయాయి. ఇక నూకలు మానేద్దామా అని ఆమె అడిగితే, అలవాటుపడ్డవి ఆకలికి చస్తాయని అతను చెప్పాడు. ఆమె నమ్మి పోస్తూ వచ్చింది.

డేగ మొదటి గువ్వను పట్టినప్పుడు తీసిన ఫోటోను అతను ఫేస్‌బుక్‌లో పక్షుల గ్రూపులో పెట్టాడు. వందలమంది మెచ్చుకున్నారు. ఎట్లా తీశారని ఒకాయన అడిగితే, దాక్కునే పొద తీసేసి గింజలు బయలులోకి మార్చానని, అట్లా చేస్తే గురి తప్పదని రాశాడు.

ఎదురింటి ధనలక్ష్మి మెచ్చుకుంటూ ఆ ఫోటో తన ఫోన్‌లో తెచ్చి వాసంతికి చూపించింది. వాసంతి ఫోటో చూసింది. కింద రాసిందీ చదివింది.

మధ్యాహ్నం అతను ఇంటికొచ్చేసరికి అన్నం వడ్డించి ఉంది. అతను కూర్చున్నాక ఆమె అడిగింది.

"దోమలన్నావు గదా బావా."

అతను కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఫోటో కోసమంటే ఒద్దనేదాన్ని. పోట్లాడేదాన్ని. అంతే గదా. దోమలని ఎందుకు చెప్పావు?"

"అది దిగినప్పుడే నాకు బతికున్నట్టుండేది," అన్నాడు. "ఇంక దేనికీ ఉండట్లేదు."

"నాకు అవి తినేటప్పుడు ఉండేది." ఆమె గొంతు పెంచలేదు. "రోజూ నా చేత్తో నేనే వాటిని పిలిచి డేగకు పెట్టా."

ఆ పూట ఇద్దరూ తినలేదు. గ్రూపులోంచి ఆ ఫోటో తీసేద్దామని అతను చూస్తే అది అప్పటికే ఎవరెవరి పేజీల్లోకో వెళ్లిపోయింది.

వాసంతి నూకలు పోయడం మానేసింది. గువ్వలు నాలుగు రోజులు గోడ మీద వాలి, చూసి చూసి వెళ్లిపోయాయి. దొరికేది లేక డేగా రాలేదు. వంటింటి వెనక తలుపుకు ఆమె గడియ పెట్టేసింది. జయకృష్ణ నర్సరీ నుంచి గోరింట మొక్క తెచ్చి పాత చోట నాటాడు. జానెడు మొక్క. పిట్ట దాక్కునేంత పొద కావాలంటే ఏళ్లు పడుతుంది. మూకుడు దాని పక్కన పెట్టి తనే నూకలు పోశాడు. రోజుల తరబడి అవి అట్లాగే ఉండిపోయాయి.

మాఘమాసం చివర్లో ఒక పొద్దున ఒక్క పిచ్చుక మూకుడు అంచున వాలింది. జయకృష్ణ చప్పుడు కాకుండా లోపలికెళ్లి, ఒకటి వచ్చిందని వాసంతికి చెప్పాడు. ఆమె మంచం మీంచి లేవలేదు. కిటికీ వైపు తల కూడా తిప్పలేదు.

"రానియ్యమాక బావా," అంది. "తోలెయ్."

అతను పెరట్లోకి వెళ్లి చప్పట్లు కొట్టాడు. పిచ్చుక ఎగిరి గోడ దాటింది. అతను మూకుడులో నూకలు మట్టిలో పారబోసి, కాలితో కలిపేశాడు.