తేలిక బండి

కాటాయనకు ఏది చూసినా ముందు దాని బరువే కనిపిస్తుంది. తప్పు పట్టడానికి లేదు, ఉద్యోగమంతా లారీలు తూచే కాటా దగ్గరే గడిచింది మరి. ఎవరింట్లోనైనా కొత్త బీరువా చూస్తే బాగుందనడు, ఎన్ని కిలోలుంటుందో చెబుతాడు. చుట్టాల పసిబిడ్డను ఎత్తుకున్నా అంతే. అలాంటి మనిషి రిటైరైన నెలకే ఇంటికి ఒక కబురు మోసుకొచ్చాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే బండి ఒకటి కడదామట. లోపలే పడక, లోపలే వంట. ఏడాది పాటు రోడ్ల మీద తిరగడం, ఇద్దరమే.

ఆ "ఇద్దరమే" అన్న మాటకే ఆయన భార్య పడిపోయింది. వీధిలో అందరూ ఆవిడను టైలరమ్మ అంటారు. ఇంటి ముందు గదే ఆవిడ కొట్టు. ఊళ్లు తిరిగొచ్చేవాళ్ల ప్యాంట్లు, గౌన్లు, పిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి మెడ వంగిపోయింది తప్ప, తను ఊరు దాటి వెళ్లింది లేదు. ఎప్పుడడిగినా ఆయన రిటైరయ్యాక అనేవాడు. ఆవిడ నమ్మింది. నమ్మకపోతే రోజు గడవదు కదా.

బండి కట్టాలంటే వాన పడని, దుమ్ము పడని చోటు కావాలి. అలాంటి చోటు ఇంటి మొత్తం మీద ఒకటే ఉంది, కొట్టు. ముందు వెడల్పాటి షట్టరు, తీస్తే ఎదురుగా రోడ్డే. కాటాయన ఇమ్మని నోరు తెరిచి అడగలేదు. టేపు పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు కొలిచి, సరిగ్గా సరిపోతుందన్నాడు, అంతే. ఏడాది తిరగబోయే దానికి కొట్టెందుకని ఆవిడే అనుకుంది. బడి యూనిఫారాల పని పక్క వీధి టైలరుకు అప్పగించింది. వచ్చేవాళ్లందరినీ పేరుపేరునా పిలిచి ఇక అక్కడికి వెళ్లమంది. మిషన్లు అమ్మేసింది. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు, చేతులారా చేసింది. దాన్ని తలుచుకుంటేనే ఇప్పటికీ ఆవిడకు ఒళ్లు మండుతుంది.

వీధి చివరి వెల్డరు చక్రాలూ ఇనప చట్రమూ తయారుచేసి ఇచ్చాడు. తర్వాత ఫోము పలకలు వచ్చాయి, అరచేయి మందాన, తలుపంత పెద్దవి. ఒక గోడకు సరిపడే పలకను ఆవిడ ఒంటిచేత్తో ఎత్తి నవ్వింది. ఇదేం గోడ, గట్టిగా తుమ్మితే ఎగిరిపోతుంది అంది. ఫోము లోపల నింపడానికే, దానికి రెండువైపులా గాజుగుడ్డ వేసి రెజిను అనే జిగురు పట్టిస్తే అప్పుడు చెక్క కంటే గట్టిపడుతుందని ఆయన చెప్పాడు. బరువు మాత్రం చెక్కలో పావు కూడా ఉండదట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. పెళ్లినాడు కూడా అంత వెలుగు చూడలేదని ఆవిడ చెల్లెలితో ఫోనులో చెప్పి నవ్వుకుంది.

పలకలు కోశారు, జిగురుతో అతికించారు, ఉప్పుకాగితంతో మూలలు గుండ్రంగా అరగదీశారు. ఆ నూగు ఎక్కడ చూసినా అదే. జుట్టులో, పక్కల్లో, అన్నంలో. ఇద్దరూ ఒకరి కనుబొమలు ఒకరు దులుపుకునేవాళ్లు. ఆ రోజులు మాత్రం బాగానే ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు. ఆయన పలక పట్టుకుంటే ఆవిడ కోసేది. మధ్యాహ్నం నేల మీదే కూర్చుని తినేవాళ్లు. అలా పక్కపక్కన కూర్చుని పని చేయడం వాళ్లకు అదే మొదటిసారి.

గుడ్డ దగ్గరికి వచ్చేసరికి పని ఆవిడదైంది. గాజు పోగులతో నేసిన తెల్లని గుడ్డ అది. చూడ్డానికి పట్టులా ఉంటుంది, తాకితే ఒళ్లంతా జిల. మూలల్లో మడత పడకుండా ఉండాలంటే ఏటవాలుగా కత్తిరించాలి. అది ఆవిడకు ఒకరు చెప్పాలా. మగ్గులో రెజిను, హార్డెనరు కలిపాక గట్టిపడేలోపే పని అయిపోవాలి. ఆవిడ గుడ్డ మీద పోసి, రబ్బరు పలకతో ఒక చివర నుంచి ఇంకో చివరకు లాగేది. తెల్లటి గుడ్డ తడిసి కనిపించకుండా పోయేది, కింద ఫోము రంగు తేలేది. మిగిలిన రెజినంతా అంచు దాటి బయటికి కారిపోయేది.

కారిపోవడం ఆయనకు నచ్చలేదు. ఇంత పల్చగా ఉంటే దారిలో పగిలి చస్తుందన్నాడు. గుడ్డ తాగినంతే బలం, పైన నిలిచేదంతా ఉత్త బరువేనని ఆవిడ చెప్పి చూసింది. ఇది జేబులు కుట్టడం లాంటిది కాదులే అన్నాడాయన. ఆవిడ చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్లగానే ఇంకో పూత పోసేవాడు. ఎండిన మర్నాడు మరొకటి. పైకప్పు మీద ఎన్ని పూతలు పోశాడో ఆయనకే తెలియదు. బరువు గురించి బతుకంతా మాట్లాడిన మనిషికి, ఒక్కో మగ్గు పోస్తుంటే అదీ బరువేనని తోచకపోవడం ఏమిటో. తన చేత్తో పోసింది మాత్రం ఆయనకు బలంలాగే కనిపించింది.

పోనుపోను కోతలు మొదలయ్యాయి. అటక వద్దు, బరువు. మడత బల్ల వద్దు, దాని బందులే చాలా బరువు. పడకకు ఆవిడ వైపు ఒక కిటికీ పెడదామనుకున్నారు, పొద్దున కళ్లు తెరిస్తే బయట ఏదో ఒకటి కనపడాలని ఆవిడ కోరిక. అద్దం బరువని చెప్పి ఆ కన్నాన్ని ఫోముతో పూడ్చేశాడు. ఆయన వైపు కిటికీకి మాత్రం అప్పటికే అద్దం బిగించేశాడు, ఇప్పుడు పీకితే గోడ పాడవుతుందట. ప్రతిదానికీ ఆవిడ సరేనంది. బండి ఎలా ఉంటేనేం, అందులో తను ఉంటే చాలుననుకుంది. అంత గంపెడాశ పెట్టుకుంది పిచ్చిది.

బండి పూర్తయింది. ఒక ఆదివారం పొద్దున్నే కారుకు తగిలించి కాటా దగ్గరికి తీసుకెళ్లారు. వాళ్లది చిన్న కారు. కారు, బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఇంతకు మించి ఉంటే ఇంజను లాగలేదని కంపెనీవాళ్లు ఒక అంకె చెప్పారు. కాటాయనకు అది వేదవాక్కు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన మీసాలాయన బయటికొచ్చి బండి చుట్టూ తిరిగాడు. మూలల్ని చేత్తో నిమిరి, ఇంత నున్నగా ఎవరు చేశారండీ అని అడిగాడు. అంతా మనమే అన్నాడు కాటాయన. ఆయన మనం అంటే ఎంతమందో ఆవిడకు తెలుసు.

కారూ బండీ కలిసి పెద్ద ఇనప రేకు మీద నిలబడ్డాయి. గది అద్దంలోంచి ఎర్ర అంకెలు కనిపించాయి. ఎక్కువ వచ్చింది. కాటాయన మొహం మాడిపోయింది. స్పేరు టైరు దింపాడు, పనిముట్ల పెట్టె దింపాడు, నీళ్ల డబ్బా దింపాడు. ఇంకా అరవై కిలోలు ఎక్కువే. రేకు చుట్టూ రెండుసార్లు తిరిగి, కారు కిటికీ దగ్గర ఆగి లోపలికి చూశాడు. ఆ చూపు ఆవిడకు కొత్త కాదు. బీరువాల్ని చూసే చూపే.

"ఏమే, నువ్వొకసారి దిగు."

ఆవిడ దిగింది. రేకు మీంచి పక్కకు జరగమన్నాడు, జరిగింది. ఎర్ర అంకెలు గబగబా మారి ఒకచోట ఆగాయి. కాటాయన గాలిలోకి పిడికిలి ఎత్తి, సరిపోయింది అన్నాడు. మీసాలాయన చప్పట్లు కొట్టబోయి, రోడ్డు పక్కన చేతిసంచీతో నిలబడిన మనిషిని చూసి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఆవిడకు నోటిదాకా వచ్చింది. పరాయివాడి ముందు ఎందుకని ఒక్క క్షణం తటపటాయించింది. ఈసారి మింగలేకపోయింది.

"ఆ ఎక్కువ నాది కాదండీ. మీరు పోసిన పూతలది."

"కావచ్చే. ఇప్పుడది గీకితే పోతుందా? తీయగలిగింది తీయాలి కదా" అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు, లారీ డ్రైవరుకు నచ్చజెప్పినట్టు చెప్పాడు. తర్వాత దింపిన సామానంతా మళ్లీ ఎక్కించి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఇంటిదాకా అయితే పర్లేదులే, ఎక్కు."

ఆవిడ ఎక్కింది. ఎక్కక ఏం చేస్తుంది. దారి పొడుగునా ఆయన ఈల వేశాడు.

ఇంటికొచ్చి టీ తాగుతూ ఉపాయం చెప్పాడు. నువ్వు బస్సులో వచ్చెయ్, నేను బండితో ముందెళ్లి మంచి చోటు చూసి పెడతా, సాయంత్రానికి ఇద్దరం ఒకచోటే ఉంటాం కదా అన్నాడు. బస్సులో నీకు సుఖం కూడా అన్నాడు. ఆవిడ టీ గ్లాసులు కడిగి బోర్లించింది. చివరికి ఆ ఇద్దరం అన్న మాటనే మళ్లీ పట్టుకుంది. బస్సులో వెళ్లినా బండి దగ్గరికే కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఆయన దాంతో ఆగాడా, బస్సులో బరువు అడిగేవాడు ఉండడు కాబట్టి స్టవ్వు, గిన్నెలు, కుక్కరు, దుప్పట్లు, దిండ్లు నువ్వే తెచ్చెయ్ అన్నాడు. ఆ ఉపాయం తట్టినందుకు తొడ చరుచుకున్నాడు కూడా.

అలా ఏడాది ప్రయాణం మొదలైంది. ఆయన కిటికీ దించుకుని, తేలికబండి లాక్కుంటూ వెళ్లాడు. ఆవిడ మూడు మూటలు, ఒక గోనెసంచీ లాక్కుంటూ బస్సెక్కింది. కుక్కరు మూత ప్రతి గుంతకూ మోగింది, పక్క సీటావిడ ప్రతిసారీ మొహం చిట్లించింది. కాళ్ల దగ్గర దిండ్లు, ఒళ్లో స్టవ్వు. సముద్రం ఒడ్డు అని చెప్పాడు కాబట్టి, కళ్లు మూసుకుని సముద్రాన్ని తలుచుకుంటూ కూర్చుంది.

దిగేసరికి నడుం విరిగినట్టయింది. బస్టాండులో ఆయన లేడు. ఫోను చేస్తే ఎంతో హుషారుగా ఎత్తాడు. ఒడ్డున గాలి ఎక్కువగా ఉందట, చోటు నచ్చలేదట. కారు ఎంత తేలిగ్గా లాగుతోందంటే ఆగబుద్ధి కాలేదట. ఇంకో మూడు గంటలు ముందుకెళ్లి ఆగాడట. అక్కణ్నించి బస్సుంది, నేను కనుక్కున్నా, నువ్వేం కంగారు పడకు అన్నాడు. ఆవిడ గొంతు కూడా వినకుండా చెప్పుకుంటూ పోయాడు.

"లోపల ఎంత హాయిగా ఉందనుకున్నావు. మధ్యాహ్నం కునుకు తీశా. కాళ్లూ చేతులూ బారజాపుకుని పడుకున్నా ఇంకా బోలెడు చోటు మిగిలింది."

ఆవిడ మూటల మధ్య బెంచీ మీద కూర్చుంది. ఆయన సంతోషంగా ఉన్నాడు. తన మీద కోపం లేదు, కుట్ర లేదు, మరో ఆడమనిషి లేదు. తను లేని లోటు కూడా లేదు. అదొక్కటే ఆవిడకు మింగుడు పడలేదు. కోపముంటే దులిపేయొచ్చు, దీనికేం చేయాలి. ఇన్నేళ్లూ ఈయనకు తను కావాలనుకుంది. తను వెనకాల వస్తూ ఉంటే చాలని ఇప్పుడు తెలిసింది. కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

"నేను రావడం లేదండీ" అంది.

ఏమైందని అడుగుతాడేమోనని ఆవిడ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"మరి స్టవ్వో?" అన్నాడు.

పంపిస్తానని చెప్పి ఆవిడ ఫోను పెట్టేసింది. ముందుకెళ్లే బస్సు కండక్టరును పట్టుకుని, మూటలకు టికెట్టు కొడితే చాలు, దింపుకోవడానికి మనిషి వస్తాడని చెప్పింది. ఆ కండక్టరు మంచివాడు, మూటల్ని వెనక సీటు మీద వరసగా కూర్చోబెట్టాడు. మీరు ఎక్కరా అమ్మా అని అడిగాడు. లేదు బాబూ, అవే వెళ్తున్నాయి అంది. అటు బస్సు కదిలాక, ఇటు తిరుగు బస్సెక్కింది. సముద్రం బస్టాండుకు దగ్గరే అని ఎవరో చెప్పారు. చూడబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున పక్క వీధి టైలరు దగ్గరికి వెళ్లింది. ఆవిడ పంపిన గిరాకీతో ఆయన కొట్టు కిటకిటలాడుతోంది. చేతిపని ఏమైనా ఉందా అని అడిగింది. ఆయన మొహమాటపడిపోయి లేచి నిలబడ్డాడు, అయ్యో మీరేమిటక్కా అన్నాడు. అని, కూర్చోవడానికి ఒక స్టూలు చూపించి, బొత్తాలు కుట్టాల్సిన యూనిఫారం చొక్కాల కట్ట ముందు పెట్టాడు. అన్నీ ఆవిడ వదులుకున్న బడివే.

మొదటి చొక్కా చేతిలోకి తీసుకోగానే ఫోను మోగింది. కాటాయన గొంతు నిన్నటిలాగే ఖుషీగా ఉంది.

"సామాను చేరిందే. ఒక్కొక్కటీ తీసి చూసుకున్నా. అన్నీ ఉన్నాయి, ఏదీ తక్కువ కాలేదు."