ఓడ దిగిన జ్వరం

మా ఆయన చెమటతో తడిపేసిన దుప్పట్లు ఉతుకుతున్నాను. అరుగు మీంచి మా అత్తగారు సంపూర్ణమ్మ పక్కింటి మెర్సీతో అంటోంది: "ఇల్లు శుభ్రంగా ఉంచుకునే కోడలైతే మావాడికి ఈ జ్వరాలెందుకొస్తాయమ్మా?"

మా ఆయన శ్యాంబాబు సరుకు ఓడలో పనిచేస్తారు. ఆఫ్రికా రేవుల నుంచి కాకినాడలో ఇంటికొచ్చి నెల దాటింది. అక్కడ మలేరియా రాకుండా వేసుకోమని ఇచ్చిన మాత్రలు సముద్రంలో పారేశానని నవ్వుతూ చెప్పారు. వచ్చిన వారానికే చలిజ్వరం. తగ్గినట్టే తగ్గి, మళ్లీ తిరగబెట్టింది. గంజి కాచింది నేను, వాంతులు ఎత్తిపోసింది నేను. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు మీద సెలవు పెడుతుంటే హెడ్మాస్టరు గారు విసుక్కున్నారు. "నీదీ ఒక ఉద్యోగమేనా, మానెయ్," అన్నారు మా ఆయన మూలుగుతూనే. ఆయన ఉద్యోగం మాత్రం నిలవాలి. జబ్బు సంగతి తెలిస్తే కంపెనీ మళ్లీ ఓడ ఎక్కనివ్వదని, ఆఫ్రికా మాట ఎక్కడా ఎత్తొద్దని నాకు ఆజ్ఞ. ఆయన గుట్టు కాయడం కూడా నా ఇంటిపనే అని ఎవరు తేల్చారో!

జ్వరం ముదిరాక ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు గారు టైఫాయిడ్ అనుకుంటూనే అడిగారు. "ఈమధ్య వేరే దేశాలేమైనా వెళ్లొచ్చారా?"

"లేదండి. వైజాగ్‌లోనే పనండి," అంది అత్తగారు.

మా ఆయన కళ్లు పచ్చబడ్డాయి. పిలిస్తే పలకడం లేదు.

"ఆఫ్రికా నుంచి వచ్చారండి. మలేరియా మాత్రలు వేసుకోలేదు," అన్నాను.

రక్తపరీక్షలో మలేరియా బయటపడింది. "ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదమ్మా," అన్నారు డాక్టరు గారు. మా ఆయన్ని కుట్టిన దోమలు ఇరుగుపొరుగుకీ అంటిస్తాయట. జ్వరం ఉన్నవాళ్లంతా పరీక్ష చేయించుకోవాలట. వరండాలోకి రాగానే, "మొగుడి పొట్ట కొట్టావు కదే," అంది అత్తగారు. తేరుకున్నాక ఆయనా అదే అన్నారు. "ఇక వీధిలో కూడా చాటకు, రెబెక్కా."

ఆయన్ని ఇంటికి తెచ్చిన మర్నాడు ఆదివారం. చర్చిలో స్త్రీల సమాజం కూడింది. అత్తగారు లేచి, "మా కోడలి అశ్రద్ధ వల్ల అబ్బాయి మంచాన పడ్డాడు, ప్రార్థన చెయ్యండమ్మా," అంది. అందరూ తల వంచారు. నా పక్కన ఆరో నెల గర్భిణి మెర్సీ, శాలువా కప్పుకుని వణికిపోతోంది. "నిన్నట్నుంచి ఒకటే చలక్కా," అంది పళ్లు బిగబట్టి.

నేను లేచాను.

"అది నా అశ్రద్ధ కాదమ్మా. మా ఆయన ఓడ మీద తెచ్చుకున్న మలేరియా. దాచారు. జ్వరమున్నవాళ్లు ఇవాళే పరీక్ష చేయించుకోండి."

"కూర్చోవే!" అత్తగారు నా కొంగు లాగింది.

కొంగు విడిపించుకుని మెర్సీని లేవదీశాను. "పద, ఆసుపత్రికి వెళ్దాం." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

"ఎవరు చాటారని మీ అబ్బాయి అడిగితే, నా పేరే చెప్పండి అత్తయ్యా."