గాజుపెట్టెలో కదురు

రిబ్బను కత్తిరించిన పెద్దమనుషుల్లారా, ఆ పెట్టెకు తాళం వేసింది మీరే. గాజు వెనక మీరు పెట్టి పోయింది ఒక మనిషి కుడిచెయ్యి. ఆ చెయ్యి ఎవరిదని మీలో ఒక్కరూ అడగలేదు. అడగలేదు కాబట్టి ఇప్పుడు వినండి.

ఆ పొద్దున అంజనమ్మ ఎప్పటిలాగే గడప పక్కన కూర్చుని కదురు ఎంచుకుంటోంది. గుమ్మఘట్ట దాటి కర్ణాటక వైపు పోతే వచ్చే చిన్న ఊరు ఆమెది. వయసు అరవై ఏడు. నడుము వంగింది, మోకాళ్లు పట్టేశాయి, మొహం బీడుపడిన చేను. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రం యాభై ఏళ్లు ఉన్ని వడికి వడికి అద్దంలా నున్నగా అయ్యాయి.

చూరులో మూడు కదుళ్లున్నాయి. ముదర గొర్రె ఉన్నికి రాయి బిళ్ళది. నడిమి రకానికి చెక్క బిళ్ళది. గొర్రెపిల్లకు మొదటిసారి కత్తిరించిన ఉన్నికి, సాలెగూడులా మెత్తగా ఉండేదానికి, సన్నని వెదురు పుల్లకు కొబ్బరిచిప్ప బిళ్ళ తొడిగినది. బరువు కదురు వేస్తే పిల్ల ఉన్ని పుటుక్కున తెగుతుంది. తేలికది వేస్తే ముదర ఉన్నికి పురి ఎక్కదు. ఇది చదువుకుంటే వచ్చేది కాదు, చేతికి తెలియాలి.

ఆ కొబ్బరిచిప్ప కదురు ఆమె కాపురానికి వచ్చిన ఏడు రాయదుర్గం సంతలో కొన్నది. పూటంతా అంగడి ముందే కూర్చుంది. ఒక్కొక్క కదురు మొన బొటనవేలి గోరు మీద నిలబెట్టి తిప్పింది. వణికినదాన్ని పక్కన పడేసింది, గీరుమన్నదాన్ని పడేసింది. నలభై పైగా అయ్యాయి. అంగడివాడికి విసుగొచ్చింది.

"ఏమ్మా, మొగుణ్ని గూడా ఇట్లే తిప్పి తిప్పి చూసి చేసుకుంటివా?"

వెనక నిలబడిన మొగుడు అందుకున్నాడు. "యాడిదప్పా. ఇట్ల చూసింటే నన్ను చేసుకునేదే కాదు."

ఆఖరికి ఒకటి గోరు మీద నిలబడి తిరిగింది, చప్పుడు లేకుండా, తిరుగుతోందో లేదో తెలియనట్టు. ఆమె నవ్వింది. మొగుడు పోయి పదేళ్లయింది. ఆ నవ్వు మాత్రం ఆ కదురు చేతికి తీసుకున్నప్పుడల్లా వచ్చేది.

ఈ రోజూ దాన్నే తీసింది. పని నూర్ మహమ్మద్ కంబళిది. నూర్ మహమ్మద్ పక్కింటి రంజాన్ బీ మొగుడు. నలభై ఏళ్లు ఈ ఊరి ఉన్ని అంతా విల్లుతో దూదిలా ఏకినవాడు. ఆ దుమ్మంతా రొమ్ములో కూర్చుంది. ఎండాకాలంలోనూ చలి అంటాడు. మామూలు కంబళి కప్పితే ఆ బరువుకే ఊపిరాడదు. అందుకని అంజనమ్మ పిల్ల ఉన్నితో తేలిక కంబళి తలపెట్టింది. ఆ ఉన్ని కూడా అతనే, దగ్గుకూ దగ్గుకూ మధ్య, ఏకి ఇచ్చాడు. నేతగాడు నల్లప్ప మగ్గం మీద అది జానెడు తక్కువలో ఆగి ఉంది. రెండేళ్లుగా వానల్లేక మందలన్నీ కసాయి లారీలెక్కాయి. ఊళ్లో పిల్ల ఉన్ని అంటే ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న ఆ ఒక్క ఏకే, ఏకిన ఉన్ని చుట్టే.

"అక్కా, ఈపొద్దు ఆ కొత్త రాట్నాల షెడ్డు కాడికి పనిముట్లు తీసుకోని రమ్మని చాటినారు. రాకుంటే పనోళ్ల లిస్టులో పేరు కొట్టేస్తారంట," అంది రంజాన్ బీ దడి మీదుగా.

"పోతాండా. నీ మొగునికి చెప్పు, మాపటికి కంబళి మగ్గం దిగుతాదని."

"నువ్వే చెప్పు. నా మాట యాపొద్దు విన్యాడు?"

అంజనమ్మ సంగటి ముద్ద మింగి బయల్దేరింది. ఆమె ఎప్పుడూ ఉత్తచేతులతో నడవలేదు. నడుస్తూనే ఏకు లాగింది, తొడ మీద కదురు దొర్లించి వదిలింది. షెడ్డు చేరేలోగా ఆఖరి ఉన్నిపోగు కూడా దారమై బిళ్ళ మీదికి చేరింది.

రేకుల షెడ్డులో మోటారు రాట్నాలు పన్నెండు వరసగా ఉన్నాయి. కరెంటు లేదు. ఇక చేతి కదుళ్ల పని లేదని, అవి గోడకున్న గాజుపెట్టెలోకి పోతాయని మైకులో చెప్పారు. ఊళ్లో తక్కిన ఆడవాళ్లు తెలివైనవాళ్లు. విరిగిన పుల్లలు, పగిలిన బిళ్ళలు పట్టుకొచ్చారు. నిండుగా దారమున్న కదురు తెచ్చింది అంజనమ్మ ఒక్కతే.

షెడ్డు చూసుకునే ఉదయ్ కుమార్ చెడ్డవాడు కాదు. చిన్నవాడు, మర్యాదస్తుడు. "అవ్వా, ఇది మంచిదేనా?" అన్నాడు.

కదురు గురించి అడిగితే ఆమె అబద్ధం ఆడలేదు. "మంచిదా అని అడుగుతాండావా? దీన్ని మించింది రాయదుర్గం సంతలోనే లేదప్పా. చూడు." మొన గోరు మీద పెట్టి తిప్పింది. మొహం వెలిగిపోయింది. "కదురు కొనేటప్పుడు కండ్లతో చూడగూడదు నాయనా. గోటితో చూడల్ల. నువ్వూ పట్టుకో."

అతను రెండు చేతులూ చాపాడు. ఆమె రెండు చేతులతో అందులో పెట్టింది.

తప్పు అక్కడే జరిగిపోయింది. ఉన్ని వడికేవాళ్ల ఇళ్లల్లో కదురు చూపించడానికి ఒంటిచేత్తో ఇస్తారు. రెండు చేతులా పెట్టేది కొత్తకోడలికి. అట్లా ఇచ్చింది ఇచ్చినట్టే, తిరిగి అడిగితే ఆడబిడ్డను ఇచ్చి వెనక్కి గుంజుకున్నంత పాపం. పిల్లోడు చేతులు చాపేసరికి ఆమె చేతులు వాటంతట అవే పోయాయి.

"దారం తీసిస్తా నాయనా," అంది కాసేపటికి, మెల్లగా.

"ఉండనీ అవ్వా, దారంతో ఉంటేనే అందంగా ఉంటుంది."

పెద్దమనుషులు వచ్చారు. ఫోటోలు దిగారు. తాళం పడింది. తాళంచెవి జీపులో పైఆఫీసుకు పోయింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆమె చేతులు రెండూ ఖాళీ. రంజాన్ బీ తలుపు దగ్గరే అందుకుంది.

"నోరు లేదా నీకు? పనిలో ఉండాదని అడిగి తెచ్చుకోకూడదా?"

"ఇచ్చినాక ఎట్ల అడిగేది రంజానూ."

"వానికేం తెలుసక్కా మన పద్ధతి?"

"నాకు తెలుసు గదా."

దడి అవతల నూర్ మహమ్మద్ దగ్గుతున్నాడు. అంజనమ్మ ఆ దగ్గు వింటూ గోడకు ఆనుకుంది. చూరులోని మిగతా రెండు కదుళ్ల వైపు చూసింది. అవి పిల్ల ఉన్నికి పనికిరావు, వచ్చినా వడకడానికి పిల్ల ఉన్నే లేదు. మధ్యాహ్నం తినలేదు. చాప మీద ఒరిగింది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ, లేని కదురును తిప్పుతూనే ఉన్నాయి. పొద్దు వాలుతుండగా రంజాన్ బీ గంజి తీసుకొచ్చింది. అప్పటికి ఆ రెండు వేళ్లూ ఆగిపోయాయి.

మరుసటి రోజు అంజనమ్మను మట్టి చేశారు.

ఆ తర్వాత రంజాన్ బీ షెడ్డుకు మూడుసార్లు పోయింది. తాళంచెవి ఇక్కడ లేదన్నారు. అర్జీ పెట్టమన్నారు. ఆఖరికి, వస్తువు ఇచ్చినవాళ్లే అర్జీ పెట్టాలన్నారు.

"ఇచ్చినామె మట్టిలో ఉండాది సారూ," అందామె.

ఉదయ్ కుమార్ తల దించుకున్నాడు. అతని దగ్గరా తాళంచెవి లేదు. పెట్టెలో కదురు కింద అచ్చువేసిన చీటీ ఉంది. 'పురాతన పనిముట్టు' అని. ఆ పొద్దున్నే వడికిన దారం పురాతనమట.

నల్లప్ప ఇంకా కంబళిని మగ్గం మీంచి కోయలేదు. నూర్ మహమ్మద్ చలికి ముడుచుకునే ఉన్నాడు. మీ రాట్నాలు మీరే ఉంచుకోండి, కరెంటు వచ్చిన రోజు తిప్పుకోండి. ఆ తాళం మాత్రం ఈ రోజే తీయండి. అర్జీ లేదు, సంతకం లేదు. తీసి రంజాన్ బీ రెండు చేతుల్లో పెట్టండి. గాజు వెనక కొబ్బరిచిప్ప బిళ్ళ మీద జానెడు కంబళికి సరిపడా నల్లదారం చుట్టి ఉంది. దాని కొస ఇంకా విడిగానే వేలాడుతోంది.