నీలం మూత

సిగ్నల్ దగ్గర బండి ఆగిన కాసేపటికి డ్రైవరు రెండు సంగతులు ఒకేసారి గమనించాడు: ఏసీ లోంచి వస్తున్నది వేడిగాలి, వెనక సీట్లో టీచరమ్మ తల కిటికీ మీదికి వాలిపోయి ఉంది.

"అమ్మా! టీచరమ్మా!"

పలుకు లేదు. పెదవులు పాలిపోయాయి. అతను గబగబా అద్దాలన్నీ దించేశాడు. బయటి ఎండ లోపలికి దూకింది. అదే క్షణంలో బానెట్ కింద పాము బుసకొట్టినట్టు 'బుస్స్' మని శబ్దం వచ్చింది. ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. డ్రైవరు హారన్ మీద వేసిన చెయ్యి తియ్యకుండా, అడ్డున్న ప్రతి స్కూటరునూ తిట్టుకుంటూ, ఆసుపత్రి దాకా దూసుకుపోయాడు.

డయాలిసిస్ గది ముందు నర్సు అతన్ని కడిగేసింది. "ఇంత ఎండలో ఏసీ లేకుండా తెస్తారా? బుద్ధుందా మీకు?"

అతను తల వంచుకున్నాడు. అలవాటే. పాతికేళ్ళుగా బండి నడుపుతున్నాడు. కిటికీ వైపు చెయ్యి రెండో చేతికన్నా రెండు వన్నెలు నలుపు. నడుం దగ్గర చొక్కా ఎప్పుడూ బెల్టు ముద్రతో చెమటగా ఉంటుంది. తలుపు ధడేలున వేసేవాళ్ళు, సీట్ల మీద తినేవాళ్ళు, 'ఇంకో దారి లేదా' అని పదిసార్లు అడిగేవాళ్ళు, అందరికీ ఒకటే జవాబు: "అలాగేనండీ." ప్రయాణికుల ముందు మింగిన ప్రతి మాటనూ అతను ఇంటికి తీసుకెళ్ళి కక్కుతాడు. గేటు తీసిన చప్పుడును బట్టే ఆ రోజు ఎవరు ఏ గదిలోకి తప్పుకోవాలో ఇంట్లోవాళ్ళకు తెలిసిపోతుంది.

టీచరమ్మ ఒక్కతే వేరు. బండెక్కగానే "నాయనా, తిన్నావా?" అని అడిగేది. ఆ ఒక్క ప్రశ్న కోసం వారానికి మూడు రోజులు అతను ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు.

కబురందుకుని వచ్చిన ఆమె కూతురు చాలాసేపటికి గదిలోంచి బయటికొచ్చింది.

"తెలివొచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది."

డ్రైవరు రెండు చేతులూ జోడించాడు.

"కానీ అన్నా, ఇక నుంచి మీరు రావద్దు. వేరే బండి చూసుకుంటాం."

"అమ్మా, నిన్ననే ఏసీకి గ్యాసు ఎక్కించామమ్మా. పొద్దున్న మంచులా వచ్చింది..."

"మా అమ్మ ప్రాణం మీదికి వచ్చిందన్నా." ఆమె కారు దగ్గరికి నడిచి, వెనక సీట్లోంచి తల్లి ఆనుకునే చిన్న దిండు తీసుకుని వెళ్ళిపోయింది.

పార్కింగులో బానెట్ ఎత్తాడు. ఏసీ కంప్రెసర్ చుట్టూ నూనె చిమ్మి దుమ్ముతో కలిసి ముద్దకట్టింది. గ్యాసు ఎక్కించే సన్నగొట్టం నోరు తెరుచుకుని ఉంది. దాని మీద ఉండాల్సిన నీలం మూత లేదు.

వీధి మలుపులోని మెకానిక్ ఒక్క చూపు చూసి నాలుక చప్పరించాడు. "గ్యాసు ఎక్కువైందన్నా. గొంతుదాకా తిన్నవాడికి ఇంకో విస్తరి వడ్డించినట్టు కుక్కారు. బండి పోతున్నంతసేపూ గాలి తగిలి ఓర్చుకుంది. ఆగగానే కక్కేసింది. కంప్రెసర్ పోయినట్టే. ఎవడు చేశాడన్నా ఈ పని?"

ఎవడో అతనికి తెలుసు. ఇంటిదాకా స్టీరింగును పీక పిసికినట్టు పట్టుకుని నడిపాడు.

గేటు గోడకు కొట్టుకుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మెట్ల మీద బావమరిది పాత టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. ఉన్న పని పోయి, అక్క ఇంట్లో తలదాచుకుంటున్న మనిషి. కూర్చుని తింటున్నాడన్న మాట పడకూడదని ఇంట్లో చెడిపోయిన ప్రతి వస్తువునూ బాగుచేస్తుంటాడు. వరండాలో డ్రైవరు నాన్న, ఖాళీ అయిన నూనె సీసాను ఇంకో సీసా మీద బోర్లించి, చివరి చుక్క దిగేదాకా పట్టుకుని ఉన్నాడు. పేస్టు గొట్టాన్ని కత్తిరించి మరీ గీకే మనిషి ఆయన.

"లేవండి ఇంజనీరుగారూ," అన్నాడు డ్రైవరు. "మీకు సన్మానం చెయ్యాలి."

"ఏమైంది బావా?"

"టీచరమ్మ చావుదాకా వెళ్ళొచ్చింది. కంప్రెసర్ బూడిదైంది. నా బేరం పోయింది. ఇంకా ఏం కావాలిరా నీకు?"

బావమరిది చేతిలోంచి స్క్రూ జారి మెట్ల మీద దొర్లింది. "బావా, నిన్న నువ్వు పక్కనే ఉన్నావుగా. ఇంజను నడుస్తుండగా, ఏసీ పూర్తిగా పెట్టి, కొంచెం కొంచెంగా గ్యాసు వదిలాను. గేజీ ముల్లు ఆకుపచ్చలోకి రాగానే కట్టేశాను. సగం డబ్బా మిగిలింది కూడా."

"ఏదీ, చూపించు ఆ సగం!"

మెట్ల కింద అరలోంచి బావమరిది డబ్బా తీశాడు. తీస్తూనే అతని మొహం మారిపోయింది. చెవి దగ్గర పెట్టి ఊపాడు. మళ్ళీ ఊపాడు.

"నిన్న బరువుగా ఉంది బావా. ఒట్టు."

"మరేమైంది? ఎలకలు తాగాయా?"

"ఏవండీ, వాడు అబద్ధం చెప్పడండీ," వంటింటి గుమ్మంలోంచి భార్య అంది.

"నువ్వు మధ్యలో రాకు! తమ్ముడని వెనకేసుకొచ్చే ఇక్కడిదాకా తెచ్చావు. ఒరేయ్, మూతేదిరా? నీలం మూత?"

"బిగించాను బావా. నా చేత్తోనే బిగించాను."

"నీ చెయ్యి! నీ చెయ్యి తగిలితే బంగారం కూడా బొగ్గవుతుందిరా. అందుకే ఎక్కడా నిలవలేదు నువ్వు. నా కొంప మీద కూడా పెట్టావు ఆ చెయ్యి."

"పోనీలేరా..." నాన్న గొంతు సన్నగా వినిపించింది. సీసా అంచున ఉన్న చుక్క పక్కకు పడింది.

"నాన్నా, నువ్వూరుకో!"

నాన్న సీసా కింద పెట్టేశాడు.

బావమరిది కాసేపు తన అరచేతుల వంక చూసుకున్నాడు. తరవాత ఫ్యాను రెక్కలు బిగించి, ప్లగ్గు పెట్టి, అది తిరుగుతోందని చూసుకుని ఆపాడు. గేజీ ఉన్న గొట్టాన్ని చుట్టచుట్టి మేకుకు తగిలించాడు. లోపలికి వెళ్ళి సంచీతో బయటికొచ్చాడు.

"వెళ్ళొస్తానక్కా."

"తిని వెళ్ళరా."

"ఆకలి లేదు." గేటు దగ్గర ఆగాడు కానీ వెనక్కి తిరగలేదు. "బావా, టీచరమ్మగారికి ఏమీ కాలేదుగా?"

"బతికుంది. నీ దయవల్ల కాదు."

గేటు చప్పుడు లేకుండా మూసుకుంది. ఆ ఇంట్లో ఆ గేటును అంత మెల్లగా మూసేవాడు అతనొక్కడే. భార్య వంటింటి తలుపు వేసుకుంది. లోపల స్టవ్వు వెలిగిన చప్పుడు రాలేదు.

పొద్దు వాలుతుండగా డ్రైవరు కారు తలుపు తెరిచి, స్టీరింగు ముందు ఊరికే కూర్చున్నాడు. కోపం చల్లారాల్సిన వేళ అది. చల్లారలేదు. వెనక సీటు మీద దిండు ఉండే చోటు మాత్రం గుండ్రంగా నొక్కుకుపోయి ఉంది.

నాన్న గోడ పట్టుకుంటూ వచ్చి కారు పక్కన నిలబడ్డాడు. రోజూ పొద్దున్న కొడుకు స్నానానికి వెళ్ళగానే ఆయన నిలబడే చోటే అది. ఇంజను వేడెక్కించి, అద్దాలు తుడిచి, తాళాలు కొడుకు చేతికివ్వడం ఆయనకు మిగిలిన ఒకే ఒక ఉద్యోగం.

"ఏంటి?" అన్నాడు డ్రైవరు, అటు చూడకుండానే.

"నేను చెప్పేది ముందు విను. తరవాత ఎంతైనా తిట్టుకో. పొద్దున్న ఇంజను స్టార్ట్ చేశాక ఆ సగం డబ్బా గుర్తొచ్చింది. నిన్న వాడు గొట్టం ఎలా తగిలించాడో చూశానుగా. మిగిలింది ఊరికే పడి ఉండటం దేనికి, ఇంకాస్త పోస్తే నీకూ ఆ తల్లికీ ఇంకాస్త చల్లగా ఉంటుంది కదా అనుకున్నాను. చివరిదాకా పట్టించేశాను. ముల్లు ఎర్రలోకి పోయింది. ఎర్రదాకా వచ్చిందంటే నిండిందని అనుకున్నానురా. ఇందాక వాణ్ణి అంటుంటే చెబుదామనే నోరు తెరిచాను. నువ్వు ఊరుకోమన్నావు. నీ మొహం చూస్తే నాకు భయమేసింది. చిన్నప్పుడు నేను అరిస్తే నువ్వు మంచం కింద దూరేవాడివి. నాకిప్పుడు వంగడం కూడా చేతకాదు. తాళాలు ఇంక నా చేతికివ్వవేమోనని కూడా అనిపించింది, అబద్ధమెందుకు. వాడు రాత్రి బస్సు ఎక్కకముందే వెళ్ళి పట్టుకో. వాడు మూత బిగించాడు. తీసింది నేను. మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. ఇదిగో, పొద్దుటి నుంచీ నా జేబులోనే ఉంది."