బేకు పోటీ

చెన్నకేశవులు పుండికూర పప్పు, అదే గోంగూర పప్పు, రెండోసారి పెట్టించుకొని, వేళ్ళు నాకి, "బాగుండాది" అన్నాడు. వాసవాంబ చేతిలో గరిటె గిన్నె మీదే ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో తన వంట గురించి ఆ మనిషి అన్న మాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. "ఉప్పు ఎవరి సొమ్మనుకున్నావు?" అనేది ఒకటి. "మళ్ళా పుండికూరేనా, మేమేమన్నా మేకలమా?" అనేది ఇంకొకటి. ఏమీ అనకుండా తిని లేచాడంటే ఆ పూట వంట అమోఘంగా కుదిరినట్టు. అలాంటివాడు బాగుందన్నాడు. అతి వినయం ధూర్త లక్షణమని పెద్దలు ఊరికే అనలేదు.

అక్కడితో ఆగాడా అంటే అదీ లేదు. "ఆ మందుల షాపోళ్ళ కోడలు రశ్మి ఆదివారం ఏందో బేక్ పోటీ పెడతాండాదంట గదా. ఇంట్లో పండించిండేది ఏదో ఒకటి అందులో పడల్లంట. నీకు మిద్దె మీద ఇంత ఆకు ఉండాది, పోరాదా? పొద్దున్నే పోయి సాయంత్రం దాకా నింపాదిగా ఉండి రా. ఇంటి సంగతి నేను చూసుకుంటాలే."

మంచినీళ్ళ చెంబు ఎక్కడ పెడతారో తెలియని మనిషి ఇంటి సంగతి చూసుకుంటాడట.

పక్కన తింటున్న అత్త శేషమ్మకు చెవులు కాస్త మందం. "ఏంది, బేకు పోటీనా? ఆడోళ్ళంతా ఒకచోట చేరి నాకది బేకు, నాకిది బేకు అని అరిసే పోటీనా?" అంది. చెన్నకేశవులుకు నవ్వి నవ్వి పొలమారింది. "కాదమ్మా, బేక్ అంటే కేకులు, బన్నులు కాల్చేది" అన్నాడు. వాసవాంబ కూడా నవ్వింది, పెదాలతో.

కన్నడంలో బేకు అంటే కావాలి, బేడ అంటే వద్దు. బళ్ళారి బజారు తెలుగిళ్ళలోకి ఈ రెండు మాటలూ ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చి, మళ్ళీ పోకుండా ఇక్కడే ఉండిపోయాయి. అత్త చెప్పిన పోటీయే నిజంగా పెడితే తనది కడపటి స్థానం, అనుకుంది వాసవాంబ గిన్నెలు తోముతూ. తను బేకు అన్నదెప్పుడు? పండక్కి బట్టల షాపులో అందరికీ కొన్నాక, లేచి నిలబడి చెప్పులేసుకుంటూ అడుగుతాడాయన, "నీకేమన్నా బేకా?" అని. ఆ అడగడంలోనే జవాబు ఉంటుంది. ఆమె చేయవలసిందల్లా దాన్ని తీసి చేతికివ్వడమే. బేడ. పుట్టింటికి పోతావా అంటే బేడ, ఇక్కడ అత్తకెవరు వండుతారు. పన్ను సలుపుతుంటే డాక్టరు బేడ, లవంగం ఉంది గదా. ఆ మాట అని అని ఆమె నాలుక మీద కాయ కాచింది.

బేకు అనకుండా ఆమెకు దక్కింది మిద్దె ఒక్కటే. మగనిది ఎండుమిరపకాయల వ్యాపారం. మధ్యాహ్నం వంటిల్లు సర్దగానే దుకాణం నుంచి మూటలు ఇంటికి వస్తాయి, తొడిమలు తీయడానికి. కూలి మనిషిని పెడితే కూలి ఇవ్వాలి. ఇంటి మనిషికేం ఇవ్వాలి? "ఇంట్లో ఊరికే కూర్చోనుంటావు గదా" అన్నాడు ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో, ఆ 'ఊరికే' ఇప్పటికీ అయిపోలేదు. సాయంత్రానికి చేతులు భగ్గున మండుతాయి. మజ్జిగ పూసినా, నూనె రాసినా ఆరని మంట. ఒకనాడు మిద్దె మీద, దుకాణంలో పారేసిన నూనె డబ్బాల్లో మట్టి నింపి కొత్తిమీర చల్లుతుంటే, తడి మట్టిలో చేతులు చల్లబడ్డాయి. ఆ చల్లదనం కోసమే ఇంకో డబ్బా పెట్టింది, ఇంకోటి పెట్టింది. పుండికూర, మెంతికూర, టమోటా, ఒక మునగ. ఎండ దెబ్బకు వాడిపోకుండా పాత చీరలు పందిరిలా కట్టింది. బియ్యం కడిగిన నీళ్ళు మెట్లెక్కి మోసింది. ఎవర్నీ అడగలేదు గనక ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ ఇవ్వలేదు గనక ఎవరూ లాక్కోరని ధీమాగా ఉంది.

మర్నాడు ఇంటికి ఒవెన్ వచ్చింది. కొత్తది, అట్టపెట్టెతో సహా. దుకాణంలో తిరగని ఫ్యాను మార్చడానికి ఎండాకాలాలకు ఎండాకాలాలు ఆలోచించిన మనిషి, భార్య రొట్టెలు కాల్చుకోవడానికి ఒవెన్ కొనుక్కొచ్చాడు. ఇంకో ఆడమనిషా అని వాసవాంబ కాసేపు అనుమానించింది. తర్వాత తనకే నవ్వొచ్చింది. ఆ మనిషిని కోరి చేరదీసే తల్లి ఎవరైనా ఉంటే మొదటి ప్రైజు ఆమెకే ఇవ్వాలి.

మోకాళ్ళ నొప్పులని పూజగది గడప కూడా పట్టుకొని దాటే అత్త, ఆ సాయంత్రం ఆయాసపడుతూ మిద్దె ఎక్కింది. మొక్కల వంక చూడలేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు చూసి, "శానా జాగా ఉండాదే" అనుకుంటూ దిగిపోయింది. జాగా అట. ఆకు కనిపించలేదు, జాగా కనిపించింది.

అనుమానం అనుమానమే, బన్ను బన్నే. మొదటి వాయి రాళ్ళలా వచ్చింది. శేషమ్మ ఒకటి తీసి నేలకేసి కొట్టి చూసి, "కారం దంచుకునేదానికి పనికొస్తాది" అంది. వాసవాంబ పిండిని ఇంకాస్త పలచగా తడిపి, ఇంకాస్త సేపు పొంగనిచ్చింది. లేత పుండికూరను వెల్లుల్లి, ఎండుమిరపతో మగ్గించి లోపల పెట్టి, పైన పాలు రాసి కాల్చింది. ఈసారి ఇల్లంతా కమ్మటి వాసన. మొదటిది ఎవరికీ పెట్టలేదు. నిలబడే, వేడివేడిగా, తనే తినేసింది. మెత్తటి పిండి మధ్యలో పులుపు నాలుకకు తగలగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తను చేసింది తను మొదట తినడం ఎన్నేళ్ళకో.

శనివారం మధ్యాహ్నం మూటలు దించడానికి దుకాణం హమాలీ హంపన్న వచ్చాడు. బన్ను ఇస్తే నములుతూ, ఏ కల్మషం లేకుండా అడిగేశాడు.

"అక్కా, రేపు ఆ డబ్బాలన్నీ కింద సందులో పడేయమన్నాడు సావుకారి. ఆ మునగచెట్టు గూడా పీకేయల్లా? నువ్వు ఇంట్లో ఉండవంట గదా, అందుకే ఇప్పుడే అడుగుతాండా."

"దేనికప్పా?" అంది వాసవాంబ. గొంతు మామూలుగానే వచ్చింది, అదే వింత.

"నీకు తెలీదా? మిద్దె మీద రేకుల షెడ్డు ఏస్తాండాడు. మిరపకాయల మూటలు ఈడనే పెట్టుకుంటే తొడిమలు తీసేదానికి గూడా నీకు అనుకూలమని."

ఆమె ఒళ్ళు భగ్గుమంది. బాగుండాది అన్న మాటా, ఒవెనూ, అత్త చూసిన జాగా, అన్నీ ఒక్కసారిగా వచ్చి వరసలో కూర్చున్నాయి. చేతులు చల్లబరచుకునే చోటుకే మిరపకాయలు ఎక్కుతాయన్న మాట. అరిస్తే? జవాబు ఆమెకు ముందే తెలుసు: "మిద్దె మీ నాయన కట్టించినాడా?" ఏడిస్తే? "పిచ్చి ఆకులకు ఏడుస్తారా ఎవరన్నా?" మిద్దెక్కి, పుండికూర డబ్బాలో మణికట్ల దాకా చేతులు పెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత మట్టి దులుపుకొని రశ్మికి ఫోన్ చేసింది.

"రశ్మీ, రేపు పోటీ మా మిద్దె మీద పెట్టుకుందామా? ఎవరి ఇండ్లలో వాళ్ళు కాల్చుకోనే వస్తారు గదా, తినేదే గదా ఈడ."

"హాలు మాట్లాడేసినాము గదా వాసక్కా. ఎందుకు సడన్‌గా?"

'బేడలే, ఊరికే అడిగినా' అనే మాట అలవాటుగా పంటి దాకా వచ్చింది. వాసవాంబ దాన్ని మింగేసింది.

"నాకు బేకు" అంది.

రశ్మి గొంతు తగ్గించింది. "అన్న ఏమీ అనడా మరి?"

"ఇంటి సంగతి తనే చూసుకుంటానన్నాడు లే."

రశ్మి పకపకా నవ్వి, "అయితే అందరినీ మీ వీధి మొగకే రమ్మంటా" అంది.

ఆదివారం పొద్దున పట్టుచీర కట్టుకొని, బన్నుల గంప పట్టుకొని, "పోయొస్తానత్తా" అని చెప్పి బయటికి నడిచింది. చెన్నకేశవులు గుమ్మం దాకా వచ్చి మరీ సాగనంపాడు. ఆమె వీధి మొగలో నిలబడింది. ఒక్కొక్కరే ఆడవాళ్ళు డబ్బాలు, టిఫిన్ క్యారియర్లు పట్టుకొని వచ్చి చేరారు. అందరినీ వెంటబెట్టుకొని వెనక్కి తిరిగింది.

మిద్దె మీద చెన్నకేశవులు బనియను మీద ఉన్నాడు. హంపన్న అప్పుడే మొదటి డబ్బా భుజానికెత్తుకున్నాడు. మెట్ల మీద గాజుల చప్పుడు, ఆ వెనక మనుషులు. అందరికంటే ముందు యంకమ్మ. మిరపకాయల వ్యాపారుల సంఘం అధ్యక్షుని భార్య. ఆమె నోట మాట పడిందంటే బజారులో పది దుకాణాలు వింటాయి.

"ఏమప్పా చెన్నకేశవులు, మాకోసం జాగా సర్దుతాండావా? ఇట్లాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడమ్మా" అంది యంకమ్మ.

ఆయన ఒకసారి భార్య వంక చూశాడు. "అవునవును, సర్దుతాండాము. ఒరేయ్ హంపన్నా, దాన్ని ఆ నీడలో పెట్టు" అన్నాడు. డబ్బా తన చోటికి తను వచ్చేసింది.

చీరల పందిరి కింద కూర్చొని అందరూ తిన్నారు. ప్రైజు ఎవరిదో క్యారెట్ కేకుకు పోయింది. వాసవాంబ చప్పట్లు కొట్టింది, మనస్ఫూర్తిగానే. పుండికూర బన్ను మాత్రం గంపలో ఒక్కటీ మిగల్లేదు. శేషమ్మ మెట్ల మీద కూర్చొని ఒకటి తిని, మందం చెవులవాళ్ళకు ఉండే పెద్ద గొంతుతో, "వాసమ్మా, ఇంగొకటి బేకు" అని అరిచింది. అందరూ నవ్వారు. పోతూ పోతూ యంకమ్మ, "ఈ తోట ఎన్నడూ తీయొద్దప్పా, వచ్చే ఏడు గూడా ఈడికే వస్తాము" అంది. చెన్నకేశవులు తల ఊపాడు. అంతమంది ముందు ఇంకేం చేస్తాడు?

అందరూ వెళ్ళాక ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. "మరి నా షెడ్డు యాడ ఏసుకోవల్ల?"

"దుకాణం మీద ఏసుకోండి. తొడిమలకు గూడా ఆడనే మనిషిని పెట్టుకోండి. ఈ మిద్దె నాకు బేకు."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు, వేరే ఎవరో ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టు. బాగుండాది అన్న పూట నుంచి ఆమె ఆయన్ని చూసిన చూపు అది, ఇప్పుడు ఆయన కళ్ళల్లో ఉంది. అత్త కోసం దాచిన బన్ను తెచ్చి పళ్ళెంలో పెడితే, దాన్ని తిరగేసి కింద కూడా చూశాడు.

"ఇంగా ఏమన్నా బేకా నీకు?" అన్నాడు. ఈసారి చెప్పులేసుకుంటూ అడగలేదు.

వాసవాంబ చేతులు చూసుకుంది. గోళ్ళ సందున ఇంకా మట్టి ఉంది.

"ఆలోచించుకోని చెప్తా" అంది.